ఏ దుప్పటి మీదా పెట్టని లెన్సు

విన్నావా డాక్టరూ ఆ కేక? "పాత ఇనుము కొంటాం, పాడైన టీవీలు కొంటాం, మిక్సీలు కొంటాం" అని వీధి చివరి నుంచి సాగదీసి అరుస్తున్నాడు. వాడు ఇంకా నాలుగిళ్ళ అవతల ఉండగానే మా ఆవిడ వంటింట్లోంచి ఏమందో తెలుసా? "పిలవమంటారా? ఒక్కసారికే గది ఖాళీ అయిపోతుంది" అంది. ముప్ఫై ఏళ్ళ నా సంపాదన తక్కెట్లో వేయిస్తానంటుంది. పైగా నవ్వుతూ అంటుంది. ఆ నవ్వు చూస్తే ఎక్కడ కాలాలో అక్కడ కాలుతుంది.

రా, లోపలికి రా. గుమ్మంలో నిలబడిపోయావేం, మీటరు రీడింగ్ తీసుకోడానికి వచ్చినవాడిలా? ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతోంది. ఇదిగో, ఈ స్టూలు మీద కూర్చో. సంచీ దించు. దించవా? సరే, ఒళ్ళోనే పెట్టుకో, నీ ఇష్టం.

ఏడు నెలలైంది నువ్వు ఈ ఇంటికొచ్చి. ఇవాళైనా మా అమ్మాయి ఫోన్ చేసిందని వచ్చావు కానీ, నేను చేస్తే ఎత్తేవాడివి కూడా కాదు. నాకు తెలుసు. తెలియకపోవడానికి నేనేమన్నా చిన్నపిల్లాడినా?

నూట నలభైమంది ఫొటోగ్రాఫర్లున్న గ్రూపులో, నా లెన్సుని డాక్టరు చెడగొట్టాడని రాశాను. నా చేత్తోనే రాశాను. ఊళ్ళో కెమెరా పాడైతే ఆ కంటికి పెట్టుకునే బుడ్డి అద్దంతో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద బాగుచేసేవాడివి కాబట్టే అందరూ నిన్ను డాక్టరు అన్నారు. నా రాతతో రోగులందరూ పోయారు. నాలుగో నెలకి షాపు ఖాళీ చేశావు. ఇప్పుడు ఎవరిదో కొట్లో కూర్చుని ఫోన్ల మీద అద్దాలు అతికిస్తున్నావట. ఇదీ మన మధ్య ఉన్న సంగతి. అది పక్కనపెట్టి ఎండల గురించి మాట్లాడుకోవడానికి మనమేమన్నా చుట్టాలమా?

వస్తా, దాని దగ్గరికే వస్తా. ముందు సామాను చూడు. నిన్ను పిలిచింది దానికేగా, ఏది అమ్మాలి, ఏది ఉంచాలి, దేనికెంత వస్తుంది అని. నీకంటే బాగా చెప్పగలిగేవాడు ఎవడున్నాడు? ఇందులో సగం వస్తువుల కడుపులో నువ్వు చెయ్యి పెట్టావు.

మా అమ్మాయి చూడు ఎలా సర్దిందో. ఆ గళ్ళ దుప్పటి మీదున్నవి అమ్మేవి. ఈ తెల్ల దుప్పటి మీదున్నవి ఉంచుకునేవి. మధ్యలో నేల మీదున్నవి ఇంకా తేలనివి. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టాం. అది ఒకటి అటు పెడుతుంది, నేను దాన్ని ఇటు పెడతాను. మళ్ళీ అది అటు పెడుతుంది. ఆఖరికి "నాన్నా, మనం చదరంగం ఆడుతున్నామా?" అంది.

ఈ పెద్ద కెమెరా ఎత్తి చూడు. ఎత్తవయ్యా, కరవదు. ఆరు నెలల పిల్లాడంత బరువు లేదూ? దీన్ని మెళ్ళో వేసుకుని స్కూలు ఆటల పోటీల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పరిగెత్తేవాణ్ణి. షట్టరు మూడుసార్లు నువ్వే మార్చావు. మూడోసారి మార్చి, "ఇక దీన్నీ నిన్నూ కలిపి మ్యూజియంలో పెట్టాలి" అన్నావు. గుర్తుందా? నవ్వు రావట్లేదా? సరే.

ఆ పొడుగు లెన్సు మా ఆవిడకి సవతి. దానికి ఆ పేరు పెట్టింది ఆవిడే. "మీ రెండోదాన్ని మంచం మీద పెట్టారేం, నేనెక్కడ పడుకోను?" అంటుంది. నాకు జ్వరమొస్తే మంచినీళ్ళడగని మనిషి, వాన చినుకు పడితే మాత్రం "మీ రెండోది తడుస్తోంది చూసుకోండి" అని కేకేస్తుంది. దాన్ని గళ్ళ దుప్పటి మీద పెడుతుంటే ఇందాక వచ్చి కాసేపు నిలబడి చూసింది. కొంగుతో దాని మూత తుడిచి వెళ్ళిపోయింది.

ఇదిగో, వీటన్నిటి బదులు ఇది కొంటానంటోంది మా అమ్మాయి. అరువు తెచ్చి చూపించింది. అద్దం లేని కెమెరాట. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. సబ్బుబిళ్ళ నయం. నొక్కితే చప్పుడు కూడా రాదు. ఫొటో తీసినట్టుందా, జేబు కొట్టినట్టుందా? మొన్న స్కూల్లో మూడో తరగతి గ్రూపు ఫొటో దీంతోనే తీసింది. పిల్లలకి నా పెద్దదాని 'టకాల్' అనే చప్పుడు అలవాటు. అది వినబడే దాకా ఊపిరి బిగపట్టి నిలబడతారు. ఇది చప్పుడు చెయ్యదు కదా, నలభైమందీ అలాగే బిగపట్టుకుని ఉండిపోయారు. మొహాలు ఎర్రబడ్డాయి. చివరికి టీచరమ్మే "ఇక వదలండర్రా" అంది.

కానీ ఫొటో బాగుంది డాక్టరూ. అబద్ధమెందుకు, నలభై మొహాలూ కడిగినట్టున్నాయి.

నా భుజం సంగతి విన్నావుగా. కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఇక బరువులు మోయకూడదు, అందుకని తేలిక సామాన్లోకి మారుతున్నాం. ఊళ్ళో అందరికీ ఇదే చెప్పాను. భుజం నొప్పి నిజమే. నిజమే కానీ, అది ముందు నిలబెట్టిన తెర. తెర వెనక ఇంకోటి ఉంది.

ఇది.

తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాననా చూస్తున్నావు? చూడగానే గుర్తుపట్టావు. నా ఎనభై అయిదు ఎమ్మెమ్ లెన్సు. మనిషి మొహం తీయడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. ఆటోలు గీటోలు లేవు, చేత్తో తిప్పి ఫోకస్ చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళు చేత్తోనే చేశాను. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు, "బాబాయ్, కెమెరా అదే చేసుకుంటుంది, మీరు నొక్కితే చాలు" అని. అది చేసుకుంటే ఆ ఫొటో అది తీసినట్టు, మరి నేనెందుకురా అనేవాణ్ణి. ఎంత పొగరు చూడు.

పొద్దుట్నుంచి మా అమ్మాయి దీన్ని మూడుసార్లు గళ్ళ దుప్పటి మీద పెట్టింది. మూడుసార్లూ తీసేశాను. తెల్ల దుప్పటి మీద పెడదామంటే అదీ ఒప్పుకోదు. "ఉంచుకుని ఏం చేస్తావు నాన్నా?" అంటుంది. అసలు గొడవ ఏమిటంటే, అమ్మాలంటే గ్రూపులోనే పెట్టాలి. పెడితే కండిషన్ ఎలా ఉందో రాయాలి. బాగుంది అని రాశాననుకో, నూట నలభైమందీ ఒకే మాట అడుగుతారు, డాక్టరు చెడగొట్టాడన్నావుగా, ఎప్పుడు బాగైంది అని. బాగాలేదు అని రాస్తే రెండోసారి నీ గొంతు కోసినట్టు. ఏమీ రాయకుండా తువ్వాల్లో చుట్టి ఉంచుకుంటే ఎవరూ ఏమీ అడగరు. నేను సుఖంగా ఉంటాను. నువ్వు అద్దాలు అతికించుకుంటూ ఉంటావు.

లేవకు. వినిపో. ఇంత దూరం వచ్చావు, ఇంకో పది నిమిషాలు.

బూజు పట్టిందని దీన్ని నీకిచ్చాను. మూడు రోజులుంచుకున్నావు. లోపలి అద్దం మీద సాలెగూడులా అల్లుకున్నదాన్ని తుడిచి, నీళ్ళలా చేసి ఇచ్చావు. కిటికీ దగ్గర పట్టుకుని చూసి నేనే అన్నాను, కొన్నప్పుడు కూడా ఇలా లేదని. ఆ వారమే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ రిటైర్మెంటు. నలభై ఏళ్ళు ఒకే మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి. ఆ మిషన్ పక్కన నిలబెట్టి ఒక్క ఫొటో తియ్యమన్నాడు. "గోడకి పెట్టుకుంటాను, మొహం మీద మసి కూడా కనబడాలి" అన్నాడు. స్నానం చేసి రాలేదు, కావాలనే అలా వచ్చాడు. మా అమ్మాయి ఆ రోజు వెంట లేదు, నేనొక్కణ్ణే ఇరవై తీశాను. వెనక గోడ మీద క్యాలెండరుంది. ఇరవై ఫొటోల్లోనూ తారీకులు చక్కగా చదవొచ్చు. ఫోర్‌మన్ మొహం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టుంది.

మేనేజరు ఫొటోలు బల్ల మీద పరిచి, "క్యాలెండరుకి రిటైర్మెంటు చేశామనుకున్నారా?" అన్నాడు. పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు. ఫోర్‌మన్ నవ్వలేదు. ఒక ఫొటో తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. "పోనీలెండి, మిషనన్నా వచ్చింది" అన్నాడు. ఆ రోజు మళ్ళీ తెప్పించగలనా? ఆ మిషన్ని కూడా తర్వాత తీసేశారు.

సాయంత్రానికి మనవాళ్ళందరికీ తెలిసిపోయింది. టీ కొట్టు దగ్గర చుట్టూ చేరారు, ఏమైంది, ఏమైంది అని. నేనేమన్నాను? లెన్సు డాక్టరు దగ్గర్నుంచి వచ్చింది, లోపల ఏదో రేకు తక్కువ వేసినట్టున్నాడు అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నీ షాపుకొచ్చి లెన్సు బల్ల మీద పడేశాను. నువ్వు కోప్పడలేదు. "లెన్సు తప్పయితే ప్రతిసారీ ఒకేచోట తప్పుతుంది, చెయ్యి తప్పయితే రోజుకోచోట తప్పుతుంది. పది ఫొటోలు తీసి పట్రా, చూద్దాం" అన్నావు. ఇంతే అన్నావు. నా చెయ్యి తప్పంటావా అని చొక్కా పట్టుకున్నంత పనిచేసి వచ్చాను. రెండ్రోజులు పోయాక గ్రూపులో రాశాను. ఆ ఇరవై ఫొటోలూ పెట్టాను, సాక్ష్యానికి.

ఇక మూడు వారాల కిందట ఏం జరిగిందో చెప్తాను. అమ్మేముందు ఒక్కో లెన్సూ పరీక్ష చేద్దామంది మా అమ్మాయి. ఆ బల్ల మీద అయిదు బ్యాటరీలు వరసగా, ఒకదాని వెనక ఒకటి, కాస్త ఏటవాలుగా నిలబెట్టింది. కెమెరా స్టాండుకి బిగించింది. మధ్య బ్యాటరీ మీద ఫోకస్ చేసి తీయాలి, ఏది స్పష్టంగా వస్తుందో చూడాలి. నీ పద్ధతే, నీ దగ్గర చూసి నేర్చుకుంది. ఈ ఎనభై అయిదు దగ్గరికి వచ్చేసరికి, "ఇది నేను చూస్తాలే" అన్నాను.

నేను తీస్తే నాలుగోది వచ్చింది. చూశావా, డాక్టరు ఏం చేశాడో అన్నాను. అది వచ్చి తను తీసింది. మధ్యది వచ్చింది. బ్యాటరీ మీద అక్షరాలు చదవొచ్చు. మళ్ళీ నేను తీశాను. ఈసారి అయిదోది. మళ్ళీ అది తీసింది, మధ్యది. నేను మళ్ళీ. ఈసారి మొదటిది. మొదటిదయ్యా. అంత ముందుకి.

నేను కెమెరా వదిలేసి పక్కకి జరిగాను. అది నన్ను చూడలేదు. బ్యాటరీలు ఒక్కోటీ తీసి డబ్బాలో పెట్టింది, నెమ్మదిగా, చప్పుడు కాకుండా. తర్వాత అంది, "ఏడాదిగా ఆల్బమ్‌లో నువ్వు తీసినవి సగం కూడా పెట్టలేదు నాన్నా. పక్కన నిలబడి నేను తీసినవే పెడుతున్నాను" అని. ఇంట్లోవాళ్ళకి తెలుసు, చూశావా? పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటాడని ఇద్దరూ నోరు కుట్టుకున్నారు. నాకు మెచ్చుకోలొచ్చిన ఫొటోలన్నీ అదే తీసిందట.

కన్ను డాక్టరూ. కుడికన్ను. ఆసుపత్రిలో గళ్ళకాగితం చూపించి మధ్యలో చుక్కని చూడమంటారు. నాకు గళ్ళన్నీ తడిసిన చాపలా వంకర్లు పోయి కనబడతాయి. చుక్క ఉన్నచోట చుక్క లేదు, పొగ ఉంది. నేను ఎవరి మొహాన్ని చూడాలనుకుంటే ఆ మొహమే పోతుంది, చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది. మనిషి కనబడడు, క్యాలెండరు కనబడుతుంది. బాగవదన్నారు. ఎడమది ప్రస్తుతానికి బాగానే ఉందన్నారు. ఆ 'ప్రస్తుతానికి' అనే మాట ఎంత మర్యాదగా అన్నారో.

అందుకని ఇదిగో, ఇది రాయించాను. గ్రూపులో ఇంకా పెట్టలేదు. నువ్వు విన్నాక పెడదామని. చదువుతాను విను.

"ఎనభై అయిదు లెన్సు అమ్మకానికి ఉంది. ఇందులో ఏ లోపమూ లేదు. ఏడు నెలల కిందట డాక్టరు దీన్ని చెడగొట్టాడని నేను రాసింది తప్పు. లోపం నా కంట్లో ఉంది. ఆ సంగతి నాకు మూడు వారాల కిందటే తెలిసింది. డాక్టరుకి క్షమాపణలు. మీ కెమెరాలు ఆయనకే ఇవ్వండి."

బాగుందా? మా అమ్మాయి రాసింది, నేను రాస్తే పిల్లి మీదా ఎలక మీదా పెట్టి రాసేవాణ్ణి. ఇది గ్రూపులో పడితే స్కూలు పని పోతుంది. పోనీ. కంటిచూపు లేనివాడికి ఏ హెడ్మాస్టరిస్తాడు? అమ్మాయికిస్తే ఇస్తారు, దాని పేరు మీద.

ఇలా ఇయ్యి అంటావా? ఇదిగో, తీసుకో. చూడు, నీ పనితనమే. ఏమన్నావు? మళ్ళీ చెప్పు. కన్ను ఎవరి చేతుల్లో ఉంది, తెలియక అన్నమాట పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతాం అంటావా? అలా అనకు. కోప్పడు. రెండు తిట్టు, నాకు తేలిగ్గా ఉంటుంది. సంచీ కింద పెట్టేశావే. అయ్యో.

ఆఁ, వస్తున్నామే. పిలుస్తోంది, పద. "అన్నయ్యగారు తినకుండా వెళ్తే నామీదొట్టే" అని పొద్దుట్నుంచి నా ప్రాణం తోడేస్తోంది. ఏడు నెలల్లో నేను నీ పేరెత్తి తిట్టినప్పుడల్లా నాకు కూరలో ఉప్పు ఎక్కువయ్యేది, అదేం చిత్రమో. ఇటు కూర్చో, గోడవైపు. నేను నీకెదురుగా కూర్చుంటాను. తల్లీ, మావయ్యకి ముందు వడ్డించు. ఇంకా వెయ్యి. అది అన్నమా, రుచి చూడ్డానికి పెట్టిందా? చూడండి ఎంత చిక్కిపోయాడో.

ఏం లేదు. కలుపుతున్నాను. తింటాను.

తినలేకపోతున్నానయ్యా. నువ్వు 'తెలియక' అన్నావు చూడు. ఆ మాట నాకు చెల్లదు.

నువ్వు కూడా విను తల్లీ. మీ అమ్మని కూడా విననీ. ఆసుపత్రికి నేను వెళ్ళింది మూడు వారాల కిందట కాదు. ఫోర్‌మన్ ఫొటోలు చెడ్డ మర్నాడే వెళ్ళాను. బ్యాంకు పనుందని ఇంట్లో చెప్పి వెళ్ళాను. ఆ గళ్ళకాగితం ఆరోజే చూశాను. ఆసుపత్రి చీటీ మీద తేదీ తొమ్మిది. అక్కణ్ణుంచి తిన్నగా నీ షాపుకొచ్చి లెన్సు బల్ల మీద పడేశాను. గ్రూపులో రాసింది పదకొండు.

అవును. తెలిసే రాశాను.

రెండు రోజులు ఆలోచించాను కూడా. ఊరికే కోపంలో రాసింది కాదు. లెన్సు చెడిపోయిన ఫొటోగ్రాఫర్ని చూసి అందరూ అయ్యో అంటారు. కన్ను చెడిపోయినవాణ్ణి చూసి ఎవరూ ఏమీ అనరు, పిలవడం మానేస్తారు. ఎవరో ఒకరు పోవాలి కదా, నువ్వైతే నీకు చేతిలో పనుంది, ఎక్కడైనా బతుకుతావనుకున్నాను. అలాగే అనుకున్నాను, ఇంకోలా చెప్పను. బ్యాటరీల రోజున కెమెరా వదిలేసి పక్కకి జరిగానే, అది నా తప్పు తెలిసి కాదు తల్లీ, మీకు తెలిసిపోయిందని.

ఆ ఫోన్ తీసుకో అమ్మా. మూడు వారాలు అన్నది కొట్టెయ్యి. తెలిసే రాశాను అని పెట్టు. ఇప్పుడే పెట్టు, నేను చల్లబడితే మళ్ళీ నీళ్ళు నములుతాను. పెట్టావా? సరే.

ఏమే, గరిటె పట్టుకుని అలా నిలబడిపోతే ఎలా? నువ్వూ కూర్చో. ఏడవడానికేముంది, కూర్చో. నువ్వూ కూర్చోమ్మా, ఫోన్ అక్కడ పడెయ్యి. మోగుతుంది, మోగనీ.

నువ్వు లేచి వెళ్ళిపోతావనుకున్నాను డాక్టరూ. చెయ్యి కడుక్కుంటావనుకున్నాను. నావైపు చూడకపోతే చూడకు. ఆ ముద్ద తిను. నేనూ తింటాను. ఇంకేం చేస్తాం.